బుట్టలో వాటా సరే, భూమిలో వాటా?

'మీది ఏ కమ్యూనిటీ?' తహసీల్దారు కార్యాలయం వరండాలో, కాలేజీ అడ్మిషన్ల వరుసలో, అద్దె ఇంటి గుమ్మం ముందు వినబడే ఈ ప్రశ్నకు తెలుగునాట ఒకటే అర్థం. అది కులం అడగడం. కులమని నేరుగా అడగడానికి మొహమాటపడే చోట ఇంగ్లీషు మాటను మర్యాద కోసం తెచ్చుకున్నాం. ఇప్పుడు అదే మాటను మోసుకుంటూ మరో ఆలోచన నగరాల నుంచి పల్లెల వైపు వస్తోంది. దాని పేరు కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్. తెలుగులో చెప్పుకుంటే, సముదాయం అండతో సాగే సేద్యం. చిట్టమూరు లాంటి మండలంలో ఈ పేరు ఎత్తితే వినేవారు అడిగే తొలి ప్రశ్న 'ఏ కమ్యూనిటీ?' అనే. ఇది నవ్వి వదిలేయవలసిన మాట కాదు. ఇక్కడ అలాంటి సేద్యం నిలుస్తుందా, లేక మరొక ఆధిపత్య రూపంగా మిగులుతుందా అన్నది ఆ ప్రశ్నకు మనం ఇచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంది.

ఈ ఏర్పాటు పనిచేసే తీరు తేలికగానే అర్థమవుతుంది. కార్తె మొదలయ్యే ముందే కొన్ని కుటుంబాలు ఒక రైతుకో, రైతుల బృందానికో ఆ కాలపు పంటలో తమ వాటా సొమ్మును చెల్లిస్తాయి. ఆ సొమ్ముతో రైతు విత్తనం, ఎరువు, కూలీ ఖర్చులు వెళ్లదీసుకుంటాడు. వడ్డీ వ్యాపారి దగ్గరకు గానీ, పంట మీద ముందే అప్పిచ్చే దళారి దగ్గరకు గానీ పోవలసిన పని ఉండదు. పంట చేతికొచ్చాక వారం వారం ఆ కుటుంబాలకు ఒక బుట్ట అందుతుంది. అందులో ఆ వారం ఆ నేలలో పండినదే ఉంటుంది. చలికాలంలో చిక్కుడు, ముల్లంగి, వంకాయ. ఎండాకాలంలో దోస, గుమ్మడి, గోంగూర. తుపాను వచ్చి పాదులు కొట్టుకుపోతే బుట్ట తేలికవుతుంది, సొమ్ము మాత్రం వెనక్కి రాదు. నష్టాన్ని రైతు ఒక్కడే మోయకుండా తినేవారు కూడా పంచుకుంటారు. ఈశాన్య రుతుపవనాల వానలూ, బంగాళాఖాతపు వాయుగుండాలూ ఏటా పరీక్ష పెట్టే నెల్లూరు తీరంలో ఈ సూత్రం విలువ వేరే చెప్పనవసరం లేదు.

మరుగున పడిన మూలం

ఈ ఆలోచనకు చెప్పే చరిత్ర సాధారణంగా 1970లలో జపాన్‌లో సాగిన 'తెయికెయి' ఉద్యమంతో మొదలవుతుంది. అక్కడి నుంచి 1986లో అమెరికాలోని మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాల్లో మొదలైన రెండు తోటలకు వస్తుంది. ఈ కథనంలో చాలాకాలం కనిపించని పేరు ఒకటుంది. అలబామా రాష్ట్రంలోని టస్కిగీ విశ్వవిద్యాలయంలో ఉద్యాన శాస్త్రం బోధించిన నల్లజాతి ఆచార్యుడు బుకర్ టి. వాట్లీ. చిన్న కమతం గల నల్లజాతి రైతులు బతకాలంటే టోకు మార్కెట్టును నమ్ముకోకుండా, ముందుగా సభ్యత్వ రుసుము చెల్లించే ఖాతాదారుల బృందాన్ని కూడగట్టుకోవాలని ఆయన ప్రచారం చేశాడు. అమెరికాలో 1920 నాటికి తొమ్మిది లక్షలకు పైగా ఉన్న నల్లజాతి రైతులు 1997 వ్యవసాయ గణన నాటికి 20 వేల లోపుకు పడిపోయారు. రుణాల మంజూరులో తమపై సాగిన వివక్ష మీద వారు అమెరికా వ్యవసాయ శాఖను కోర్టుకీడ్చి 1999లో పరిష్కారం సాధించారు. బ్యాంకు తలుపు తెరవనప్పుడు పొరుగువాడే బ్యాంకు కావాలన్న అవసరం లోంచి వాట్లీ సలహా పుట్టింది.

అంతకన్నా సూటిగా ఉన్న ఉదాహరణ మిసిసిపీ రాష్ట్రానిది. పత్తి తోటల కూలీగా బతుకు మొదలుపెట్టి పౌరహక్కుల నాయకురాలైన ఫానీ లూ హామర్ 1969లో 40 ఎకరాలతో ఫ్రీడమ్ ఫార్మ్ సహకార సంఘాన్ని ప్రారంభించింది. ఓటరుగా పేరు నమోదు చేసుకున్నందుకే పని నుంచీ, ఇంటి నుంచీ గెంటివేతకు గురైన అనుభవం ఆమెది. తిండిని అదుపులో పెట్టుకున్నవాడు ఓటును కూడా అదుపులో పెట్టుకుంటాడని ఆమెకు ఎవరూ బోధించవలసిన అవసరం లేకపోయింది. ఆ సంఘం వందల ఎకరాలకు విస్తరించినా, అప్పుల భారం తట్టుకోలేక 1970ల మధ్యలో నిలిచిపోయింది. కూరగాయల బుట్ట వెనుక ఇంత చరిత్ర ఉంది. అది సంపన్న వినియోగదారుల ఆరోగ్య చింత నుంచి మాత్రమే పుట్టినది కాదు. భూమి నుంచి వెళ్లగొట్టబడుతున్నవారు నిలదొక్కుకోవడానికి వెతుక్కున్న దారి కూడా అందులో ఉంది.

చిట్టమూరు నేల మీద నిలబడి

స్వర్ణముఖి నదికీ పులికాట్ సరస్సుకూ చేరువలో ఉన్న చిట్టమూరు మండలం 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. కాగితం మీద జిల్లా మారింది గానీ, చెరువు తూము మీద పెత్తనం చేసే సామాజిక వర్గాలు మారలేదు. చెరువుల కింద వరి, ఇసుక నేలల్లో మెట్ట పైర్లు, ఉప్పుటేర్ల వెంట రొయ్యల గుంటలు, ఇదీ ఈ తీర మండలాల ముఖచిత్రం. ఊరికి ఒక పక్కన దళితవాడ, మరికాస్త దూరంగా యానాదుల గుడిసెలు. ఈ రెండు వాడల్లోని వారే నాట్లు వేస్తారు, కలుపు తీస్తారు, గుంటలు తవ్వుతారు, వాటికి కాపలా కాస్తారు. తమ ఇంటి కూరకు మాత్రం వారు మదనపల్లె నుంచి లారీలో వచ్చిన టమాటా కోసం కిరాణా కొట్టుకు పోతారు. పొన్నగంటి ఎక్కడ మొలుస్తుందో, ఏ గడ్డ తినదగినదో, ఏ కాలానికి ఏ ఆకు పనికొస్తుందో తరతరాలుగా ఎరిగిన యానాదులకే ఈనాడు సొంత మడి లేదు. 'స్థానికం, రుతువుకు తగినది' అన్న మాటలకు నిజమైన పండితులు ఎవరైనా ఉంటే ఆ పండితులకు పట్టా లేదు.

పెరటి తోటలు వేసుకోమని ప్రభుత్వ శాఖలు సలహా ఇస్తుంటాయి. పెరడు ఎక్కడున్నది? 2020లో గ్రామీణ పేదలకు ఇచ్చిన ఇంటి స్థలం సెంటున్నర, అంటే సుమారు 650 చదరపు అడుగులు. ఇల్లు కట్టుకున్నాక అక్కడ మిగిలేది బట్టలారవేసే చోటు మాత్రమే. 2024లో వచ్చిన ప్రభుత్వం మూడు సెంట్లు ఇస్తామన్నది. అదీ పాదులకు చాలేది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సేద్యం మీద ఆధారపడిన ప్రతి పదిమంది దళితుల్లో ఏడుగురు కూలీలు. కూరగాయల సాగుకు వరికన్నా తక్కువ నేల చాలు. అయితే ఏడాది పొడుగునా నమ్మకమైన నీరు కావాలి, రోజూ కంటికి కనిపించేంత దగ్గరలో మడి ఉండాలి. 1985 జూలైలో కారంచేడు మారణకాండకు నిప్పురవ్వ మంచినీళ్ల చెరువు దగ్గర రేగిందని గుర్తున్నవారికి, నీరు ఈ దేశంలో ఎన్నడూ నీరు మాత్రమే కాదని వేరే చెప్పాలా?

అలాగని ఈ ప్రాంతంలో దళితులకు భూమి ఎన్నడూ ఇవ్వలేదని కాదు. డీకేటీ పట్టాలున్నాయి. ఉమ్మడి సేద్య సహకార సంఘాల పేరిట ఇచ్చిన, జనం నోట 'సీజేఎఫ్‌ఎస్ భూములు'గా నానిన భూములున్నాయి. అసైన్డ్ భూముల అన్యాక్రాంతాన్ని నిషేధిస్తూ 1977లో చేసిన చట్టం ఉంది. కోనేరు రంగారావు కమిటీ 2006లో ఇచ్చిన సిఫార్సులున్నాయి. పట్టా ఒకరి పేర, సాగు మరొకరి చేతిలో ఉండే రివాజు కూడా ఉంది. తీరంలో సాగునేలలను రొయ్యల గుంటలుగా మార్చరాదని 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు చేసిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాక ఆ తీర్పు పదును తగ్గింది. గుంట పక్క పొలంలోకి ఉప్పు ఊరితే మొదట చచ్చేది కాయగూర పాదు. ఆ పొలం ఎవరిదో ఊహించడం కష్టం కాదు.

అడ్వాన్సుకు కులం ఉంది

ఈ పద్ధతికి ఆయువుపట్టు ముందస్తు చెల్లింపు. పశ్చిమ దేశాల పుస్తకాల్లో అది నమ్మకానికి గుర్తు. మన పల్లెల్లో అడ్వాన్సు అన్న మాట చరిత్ర వేరు. ఉగాదికి తీసుకున్న అడ్వాన్సుతో పాలేరు ఏడాదంతా దొర కొట్టంలో కట్టుబడ్డాడు. ఇటుక బట్టీలకు, రొయ్యల గుంటల కాపలాకు, బాతుల మేపకానికి కుటుంబాలకు కుటుంబాలను కట్టిపడేసింది ఈ అడ్వాన్సే. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. అయినా 2025 మేలో ఇదే తిరుపతి జిల్లాలో ఒక ఉదంతం బయటపడింది. అప్పు తీరలేదని ఒక యానాది కుటుంబం నుంచి పసివాణ్ణి బాతుల మేపకందారులు తాకట్టుగా ఉంచుకున్నారనీ, ఆ పిల్లవాడు చనిపోతే తమిళనాడులో గుట్టుగా పూడ్చిపెట్టారనీ పోలీసులు కేసు పెట్టారు. ఇచ్చిన సొమ్ము వేలల్లోనే. దానికి హామీగా నిలిచింది ఒక బాల్యం.

కనుక ముందస్తు సొమ్ము దానంతటదే విముక్తి కాదు. సొమ్ము ఇచ్చేవాడికి పుచ్చుకునేవాడి శరీరం మీద, కాలం మీద హక్కు వస్తే అది వెట్టి. పండిన పంటలో ఒక భాగం మీద మాత్రమే హక్కు వచ్చి, పండకపోతే ఆ నష్టం ఇచ్చినవాడికీ చెందితే అది భాగస్వామ్యం. ఈ రెంటి మధ్య గీత గీసేది మంచి మనసు కాదు. రాసుకున్న ఒప్పందం, సంఘబలం, భూమి మీద హక్కు. ఈ మూడూ లేకుండా పట్నపు కుటుంబాలు దళిత రైతుకు ముందే సొమ్ము కడితే, తుపాను వచ్చిన మరునాడు 'మా డబ్బు సంగతేమిటి?' అన్న పాత గొంతే వినిపిస్తుంది.

స్థానికత అనే మాటకు అంబేడ్కర్ జవాబు

ఈ ఉద్యమాల సాహిత్యంలో 'స్థానికం' అనే మాట పవిత్రమైనది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ అంబేడ్కర్ భారత గ్రామాన్ని సంకుచిత స్థానికత పేరుకున్న గుంటగా నిరసించారు. గ్రామం స్వయంపోషకమైన గణతంత్రమని మురిసిపోయేవారికి, ఆ గణతంత్రంలో వెలివాడ కూడా భాగమేనని ఆయన గుర్తుచేశారు. అయితే ఆయన ఊరిని తిరస్కరించారే గానీ ఉమ్మడి సేద్యాన్ని తిరస్కరించలేదు. 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో, సమస్య కమతం కొలతలో కన్నా దాని మీద పెట్టగల పెట్టుబడి, పనిముట్ల కొరతలో ఉందని వాదించారు. 1947లో రాజ్యాంగ సభ కోసం సిద్ధం చేసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' పత్రంలో భూమిని ప్రభుత్వ పరం చేసి, కులమత భేదం లేకుండా ఊరివారికి ఉమ్మడి సాగుకు ఇవ్వాలనీ, పెట్టుబడిని ప్రభుత్వమే సమకూర్చాలనీ ప్రతిపాదించారు. భూస్వామి ఉండకూడదు, కౌలుదారు ఉండకూడదు, భూమిలేని కూలీ కూడా ఉండకూడదు. అండగా నిలిచే సముదాయం అంటే ఆయన దృష్టిలో కులాల కూర్పు కాదు, పౌరుల సమాఖ్య. ఈ కొలతతో చూసినప్పుడు, భూమి ఎవరిదో అడగకుండా ఊరి కూరగాయలను కీర్తించే మాటలన్నీ సగం మాటలే.

జహీరాబాద్ చూపిన దారి

తెలుగునేల మీద ఈ దిశగా చాలా దూరం నడిచినవారు దళిత మహిళలే. మెదక్ జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో 1983లో పనిచేయడం మొదలుపెట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో అత్యధికులు వారు. బీడుపడిన తమ చేలకు వారు సంఘంగా పెట్టుబడి సంపాదించారు. ఆ అప్పును జొన్నల రూపంలో సంఘానికి తిరిగి చెల్లించారు. ఆ జొన్నలను ఊళ్లో నిరుపేదలెవరో తామే తేల్చి వారికి తక్కువ ధరకు అందించారు. 1990ల మధ్యలో మొదలైన ఈ ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ వ్యవస్థలో పండించేవారు, నిల్వ చేసేవారు, పంచేవారు, తినేవారు ఒకే సముదాయం. భూములను సంఘాలుగా కౌలుకు తీసుకున్నారు. ఎస్సీ కార్పొరేషన్ పథకం ద్వారా సంఘాలుగా కొన్నారు. విత్తనం బయట కొనకుండా ఇళ్లలోనే దాచుకున్నారు. తమ పంటను పట్నపు వినియోగదారుల దగ్గరకు తామే తీసుకువెళ్లారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వారికి దక్కింది.

ఈ అనుభవంలో గమనించవలసింది వరుస. మొదట సంఘం, తర్వాత భూమి, ఆ తర్వాత విత్తనం, చివరన వినియోగదారుడు. నగరాల నుంచి వచ్చే నమూనా ఈ వరుసను తిరగేస్తుంది. మొదట వినియోగదారుడి వాట్సాప్ బృందం, చివరన ఎవరో ఒక రైతు. ఆ రైతు సాధారణంగా నీరూ నేలా ఉన్న కులాల వాడే అవుతాడు. అతని చేలో కలుపు తీసే స్త్రీ పేరు బుట్ట మీద ఉండదు.

మన రాష్ట్రంలో 2016 నుంచి సాగుతున్న సమాజ ఆధారిత ప్రకృతి వ్యవసాయానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. మహిళా పొదుపు సంఘాలే దానికి వెన్నెముక. ఇది సంతోషించవలసిన విషయమే. కానీ ఘనజీవామృతానికి పేడ కావాలి, పేడకు పశువు కావాలి, పశువుకు మేతనేల కావాలి. నేలను మూడు నాలుగేళ్లు పోషిస్తేనే ఫలితమిచ్చే సేద్యాన్ని ఏడాది కౌలుదారు ఎలా చేస్తాడు? 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు కావాలంటే భూ యజమాని సమ్మతి తప్పనిసరి. ఆ ఒప్పందానికి గడువు 11 నెలలు. నేలకు సత్తువ పట్టగానే యజమాని దాన్ని వెనక్కి తీసుకుంటే, దళిత కౌలుదారు శ్రమ మరొకరి భూమికి ఎరువైపోతుంది. దీనికి తోడు, ప్రకృతి ఆహారం చుట్టూ అల్లుకుంటున్న 'శుద్ధి', 'సాత్వికం' అనే పదజాలాన్ని కూడా నిలదీయాలి. రసాయనం లేని వంకాయ ఆరోగ్యకరమైనది. దానికి పవిత్రతను అంటగట్టిన క్షణంలో ఎండుచేప తినేవాడి వంటిల్లు మళ్లీ అపవిత్రమవుతుంది. యానాది ఇంటి చేపల పులుసులో వేసిన వంకాయా వంకాయే.

బడి వంటశాల నుంచి మొదలుపెడదాం

మరి చిట్టమూరులో ఇది అసాధ్యమా? కాదు. నెల్లూరు జిల్లా స్త్రీలకు ఇలాంటి పని కొత్త కాదు. దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక పోరాటం 1993 అక్టోబర్ 1 నాటికి రాష్ట్రమంతటా సారాను నిషేధింపజేసింది. ఆ ఊపులోంచే రోజుకొక రూపాయి దాచుకునే 'పొదుపులక్ష్మి' ఉద్యమం ఈ జిల్లాలోనే వేళ్లూనింది. ముందుగా కూడబెట్టి, పంచుకుని, నష్టాన్ని కలిసి మోసే అలవాటు ఇక్కడి దళిత, బహుజన స్త్రీల చేతుల్లో ముప్పై ఏళ్లుగా ఉంది. లేనిది నీటి వసతి గల నేల, నికరమైన గిరాకీ.

గిరాకీ కోసం పట్నం వైపు చూడనవసరం లేదు. మండలంలోని బడులు, అంగన్‌వాడీలు, సంక్షేమ వసతి గృహాలు ప్రతిరోజూ కూరగాయలు కొంటూనే ఉన్నాయి. మధ్యాహ్న భోజన నిబంధనల ప్రకారం ప్రాథమికోన్నత విద్యార్థికి రోజుకు 75 గ్రాముల కూరగాయలు పెట్టాలి. 200 మంది పిల్లలున్న బడికి రోజుకు 15 కిలోలు. 220 పనిదినాలకు 33 క్వింటాళ్లు. కాలానుగుణంగా పైర్లు మారుస్తూ వేస్తే, నీటి వసతి ఉన్న ఒక ఎకరానికి ఇది మోయలేని లెక్క కాదు. ఇక్కడ ముందస్తు వాటా చెల్లించేది ప్రభుత్వం, అంటే రాజ్యాంగం మాట్లాడే అసలైన సముదాయం. వాటా పుచ్చుకునేది దళిత, యానాది స్త్రీల సంఘం.

ఇది ఊహాగానం కాదు. బ్రెజిల్ 2009లో చేసిన చట్టం బడి భోజనానికి కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతాన్ని చిన్న కుటుంబ సేద్యం నుంచి కొనడానికే ఖర్చు చేయాలన్నది. అందులోనూ భూసంస్కరణల లబ్ధిదారులకు, ఆదివాసులకు, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఆఫ్రికన్ల వారసులైన కిలొంబోలా సముదాయాలకు ప్రాధాన్యమిచ్చింది. మన సుప్రీంకోర్టు కూడా 2004 ఏప్రిల్‌లో ఆహార హక్కు కేసులో, బడి వంటవారి నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యమివ్వాలని ఆదేశించింది. వండే చేతికి వర్తించిన న్యాయం పండించే చేతికి ఎందుకు వర్తించకూడదు? దళిత స్త్రీ వండిన అన్నం తినబోమని పిల్లల్ని ఇంటికి తీసుకుపోయిన తల్లిదండ్రులు ఈ దేశంలో ఉన్నారు. వంటతో పాటు పంట కూడా ఆమెదేనని రోజూ పళ్లెం ముందు కూర్చునే పిల్లలకు తెలియడం చిన్న పాఠం కాదు.

ఇందుకు కావలసినవి అందరికీ తెలిసినవే. అన్యాక్రాంతమైన అసైన్డ్, ఉమ్మడి సేద్య సంఘాల భూములను గుర్తించి మహిళా సంఘాలకు తిరిగి అప్పగించాలి. కౌలు అయితే కనీసం ఐదేళ్ల రాతపూర్వక హక్కు ఉండాలి. చెరువు నీటిలో కూరగాయల మడులకు వంతు ముందే తేల్చాలి. ఉపాధి హామీ పనులను బావులు, పందిళ్లు, నేల చదును వైపు మళ్లించాలి. తుపానుకు పంట పోతే వాటా సొమ్ము అప్పుగా మారదని ఒప్పందంలోనే రాయాలి. బుట్ట ధరలో కూలీ వాటా ఎంతో అందరికీ కనిపించాలి.

నాయుడుపేటలోనో, గూడూరులోనో, చెన్నైలోనో స్థిరపడి, ఊరి కూరగాయల మీద ప్రేమతో ఇలాంటి బృందంలో చేరాలనుకునే విద్యావంతులకు ఒక మాట. చేరండి, కానీ సొమ్ము కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఆ మడి ఎవరి పేర ఉంది? ఆ నీరు ఎవరి అనుమతితో పారుతోంది? కలుపు తీసిన మనిషికి రోజుకు ఎంత ముట్టింది? పంట పోయిన ఏడు ఎవరు పస్తున్నారు? ఈ ప్రశ్నలకు జవాబు దొరికిన చోట మీ వాటా ఒక పొరుగు మనిషికి అండ అవుతుంది. దొరకని చోట అది ఇంటి గుమ్మంలోకి వచ్చిన మరో దుకాణం మాత్రమే.

'మీది ఏ కమ్యూనిటీ?' అని అడిగితే కుల ధ్రువపత్రం చూపించడం మనకు అలవాటైంది. ఫలానా సంఘం మడిలో వాటాదారునని చెప్పగలిగే రోజు చిట్టమూరులో రావాలంటే, ఆ సంఘానికి ముందు ఒక మడి ఉండాలి.